చెట్లు పోయిన తోటల ఆనవాళ్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పల్లెల్లో కనుమరుగైన పాత పండ్లతోటల గురించి, మామిడి తోపుల గురించి వచ్చిన ఉత్తరాల్లో నుంచి ఆరింటిని ఈ సంచికకు తీసుకున్నాం. కోటలకూ గుడులకూ దక్కే శ్రద్ధలో పదోవంతు కూడా తోటలకు దక్కలేదన్నది ఈ శీర్షిక రాస్తున్న వ్యక్తి గట్టి అభిప్రాయం. అందుకే కొన్ని సమాధానాలు కొంచెం పొడవుగానే ఉంటాయి.

ప్రశ్న: మా ఊరి పొలిమేరలో ఆరేడు ఎకరాల మెట్ట చేనును పెద్దవాళ్లు ఇప్పటికీ 'తోట' అనే పిలుస్తారు. అక్కడ ఒక్క పండ్ల చెట్టు కూడా లేదు. పూడిపోయిన బావి ఒకటి, చేనుకు రెండు వైపులా మోకాలెత్తు మట్టికట్ట మాత్రం ఉన్నాయి. అది ఒకప్పుడు మామిడితోట అవునో కాదో తెలుసుకునే దారి ఉందా? (ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా)

సమాధానం: ఉంది, అయితే పేరును నమ్ముకుని మొదలుపెట్టకూడదు. మన పల్లెల్లోనే కాదు, పాత రెవెన్యూ లెక్కల్లో కూడా తోట అన్నంత మాత్రాన పండ్లతోట కాదు. బావి నీటితో మిరప, పొగాకు, ఉల్లి, పసుపు, కూరగాయలు పండించిన భూమిని కూడా ఆంధ్ర ప్రాంతంలో తోట భూమి అనీ, తెలంగాణలో బాగాత్ అనీ రాశారు. కాబట్టి మీ చేనుకు మిగిలిన పేరు వల్ల అక్కడ ఒకప్పుడు బావి కింద సాగు ఉండేదని తెలుస్తుంది, అంతే. అది చెట్ల తోట అయినదీ కానిదీ చెప్పవలసింది నేల.

బావితో మొదలుపెట్టండి. ఏటా పైర్లు వేసిన తోటలో నీటి అవసరం రోజూ ఉంటుంది కనుక, అక్కడి మోటబావికి ఎద్దులు దిగే వాలు దారి, గిలకను నిలిపిన రాతి స్తంభాలు, నీళ్లు పడే గచ్చు తొట్టి, ఆ తొట్టి నుంచి చేను నాలుగు మూలలకూ వెళ్లే కాలువలు ఉంటాయి. ఏళ్ల తరబడి మోట తోలిన బావి అయితే తాడు ఒరిపిడికి అంచు రాళ్లు గాడులు పడి ఉంటాయి. మామిడి, చింత, నేరేడు వంటి చెట్లకు నాటిన మొదటి కొన్నేళ్లే నీరు పోయాలి. వేరు లోతుకు దిగిన తర్వాత వానతోనే బతుకుతాయి. అందువల్ల చాలా తోపుల్లో బావి చిన్నదిగా, మెట్లతో, కుండలతోనో కావడితోనో నీళ్లు మోసుకుపోవడానికి వీలుగా ఉంటుంది. దారి పక్కన వేసిన తోపు అయితే బాటసారులు దిగి తాగే దిగుడుబావిగానే దాన్ని కట్టించి ఉంటారు. మీ బావికి వాలు దారి, తొట్టి ఉన్నాయా, లేక మెట్లు మాత్రమే ఉన్నాయా అన్నది అన్నిటికంటే ముందు చూడవలసిన విషయం. పూడిక ఎంత ఉన్నా పై వరసల కట్టడం చూసి ఇది చాలావరకు పోల్చుకోవచ్చు. ఇది ఖాయమైన సూత్రం కాదు. అరటి, కొబ్బరి, పోక, నిమ్మ తోటలకు ఏడాది పొడవునా నీరు కావాలి కనుక అక్కడ మోట కూడా, కాలువలు కూడా ఉంటాయి.

రెండోది ఆ మట్టికట్ట. పొలం గట్టుకూ తోట కట్టకూ తేడా ఉంది. తోటలోకి పశువులు రాకుండా చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టిని లోపలి వైపు కట్టగా పోయడం దేశమంతటా ఉన్న పద్ధతి. దీనికి మన దేశ చరిత్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ బెంగాలులోని ప్లాసీ. 1757 జూన్ 23న క్లైవు సైన్యం నిలిచింది మామిడితోటలోనే. ఆ తోట సుమారు 800 గజాల పొడవు, 300 గజాల వెడల్పుతో, అంటే దాదాపు 50 ఎకరాల్లో, వరసలు తీర్చిన చెట్లతో ఉండేదనీ, చుట్టూ చిన్న కట్ట, కంపలు పెరిగిన కందకం ఉండేవనీ ఆ యుద్ధ వర్ణనల్లో రాసిపెట్టారు. ఫిరంగి గుండ్ల నుంచి సిపాయిలను కాపాడినవి ఆ కట్టా కందకాలే. తర్వాతి కాలంలో భాగీరథి నది దారి మారి ఆ తోటలో చాలా భాగాన్ని కోసేసింది, మిగిలిన చెట్లు పందొమ్మిదో శతాబ్దంలోనే అంతరించాయి. అంత పేరున్న తోటకే ఆ గతి పట్టినప్పుడు మీ ఊరి తోట కట్ట రెండు వైపులా నిలిచి ఉండడం చిన్న విషయం కాదు. కట్టకు బయటి వైపున నేల పల్లంగా, మెత్తగా, వానాకాలంలో నీరు నిలిచేటట్టు ఉంటే అది పూడిన కందకం అనుకోవచ్చు. లోపలి వైపున పల్లం ఉంటే మాత్రం అది వాన నీటిని ఆపడానికి వేసిన కట్ట కావచ్చు.

మూడోది చెట్లు నిలిచిన చోట్లు. గింజ నాటి పెంచిన పాత మామిడి చెట్లను దూరదూరంగా, నలభై అడుగులకు అటూ ఇటూగా, వేసేవారు. అంటు మొక్కలకు ఈనాడు ఎక్కువగా వాడే దూరం పది మీటర్లు, అంటే ఎకరానికి నలభై చెట్లు. మీ జిల్లాలోని ఎర్రని చల్కా నేలల్లో గొయ్యి తీసి, చెరువు మట్టీ పశువుల ఎరువూ నింపి మొక్క నాటితే, చెట్టు పోయి మొద్దును చెదలు తినేసిన తర్వాత కూడా ఆ గొయ్యి మట్టి చుట్టుపక్కల మట్టిలో పూర్తిగా కలిసిపోదు. కొత్తగా దున్నిన చేను ఒక వాన తడికి ఆరుతున్నప్పుడు అక్కడక్కడా నల్లటి మచ్చలుగా అది కనబడుతుంది. అలాగే బెట్ట రోజుల్లో జొన్న, వేరుశనగ వంటి పైర్లు ఆ గోతుల మీద కొంత ఆలస్యంగా వాడతాయి. తేమను ఎక్కువసేపు పట్టి ఉంచే మట్టి అక్కడ ఉంటుంది కనుక. నేల మీద నిలబడి చూస్తే ఇవి విడివిడి మచ్చలే. మిద్దె మీద నుంచో, డ్రోన్ కెమెరాతోనో చూసినప్పుడు ఆ మచ్చలు వరసలు కట్టి, ఒకదానికొకటి సమాన దూరంలో ఉంటే, అడవి చెట్లు అలా మొలవవు కనుక, అది మనిషి నాటిన తోటేనని ధైర్యంగా చెప్పవచ్చు.

చివరిగా కంచె. తోట కంచెకు నాటిన మొక్కలు తోట కంటే ఎక్కువ కాలం బతుకుతాయి. కట్ట మీద గచ్చ పొదలు, వావిలి, గోరింట, సీమచింత, కిత్తనార వరసగా కనిపిస్తే వాటిని పిచ్చి మొక్కలని కొట్టేయకండి. అవి లేవని నిరాశ పడనూ వద్దు. ఒకప్పుడు తోటల చుట్టూ దట్టంగా పెరిగిన నాగజెముడు జాతి ఒకటి 1920లలో వదిలిన ఒక పురుగు వల్ల దక్షిణ భారతంలో చాలా చోట్ల తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని కంచెగా నమ్ముకున్న తోటలకు ఇప్పుడు కంచె ఆనవాలే ఉండదు. గట్టు వెంబడి ఒకే వయసు తాటిచెట్లు వరసగా ఉండడం కూడా మంచి సూచనే, కానీ వాటిని పొలం హద్దుల మీద కూడా వేస్తారు కనుక ఒక్క దాన్నే పట్టుకుని తేల్చకూడదు. బావి తీరు, కట్టా కందకాలు, చెట్ల గోతుల వరసలు, ఈ మూడూ ఒకే మాట చెబితే అప్పుడు మీ పెద్దల మాటను రాతలో పెట్టవచ్చు.

ప్రశ్న: ఇలాంటి తోటలు ఏ కాగితాల్లో దొరుకుతాయి? తహసీల్దారు కార్యాలయంలో అడిగితే పహాణీ ఇచ్చారు, అందులో 'మెట్ట' అని మాత్రమే ఉంది. (ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా)

సమాధానం: ఇటీవలి పహాణీ ఇప్పటి సాగును చెబుతుంది, మీకు కావలసింది మొదటి లెక్క. తెలంగాణలో సర్వే జరిగినప్పుడు తయారైన మొదటి భూమి రిజిస్టరు సేత్వార్‌నూ, సర్వే నంబరు కొలతలున్న టిప్పన్‌నూ, 1954-55 నాటి ఖాస్రా పహాణీనీ అడగండి. బాగాత్ అన్న మాట ఎక్కడ ఉందో, దాని కింద బావి ఉన్నట్టు రాశారో లేదో వాటిలో చూడాలి. పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి కనుక చదివేవారిని వెంట తీసుకువెళ్లడం మంచిది.

ఆంధ్ర ప్రాంతపు పాఠకులకు దారి వేరు. భూమి శిస్తును మళ్లీ ఖరారు చేసినప్పుడు రాసిన రీసెటిల్మెంట్ రిజిస్టరులో 'తోపు పోరంబోకు' అన్న వర్గం కనిపిస్తే అది గ్రామానికో ప్రభుత్వానికో చెందిన చెట్ల తోపు. క్షేత్ర కొలతల పుస్తకంలో ఆ నంబరు పటం కూడా దొరుకుతుంది. పాత మద్రాసు రాష్ట్రంలో భూమి ప్రభుత్వానిదిగా ఉంటూ చెట్ల ఫలసాయం మాత్రం ఒక కుటుంబానికి చెందే చెట్టు పట్టా పద్ధతి ఉండేది. దాని వల్ల తోట ఒకరిది, నేల ఒకరిది అయిన సందర్భాలు ఎదురైతే తికమక పడనక్కర లేదు. గుడికో సత్రానికో చలివేంద్రానికో ఇనాముగా ఇచ్చిన తోటలకు అన్నిటికంటే మంచి ఆధారం ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను నియమించినప్పుడు ఒక్కొక్క ఇనామునూ ఎవరు, ఎందుకు, ఎవరికి ఇచ్చారో విచారించి రాశారు. నూజివీడు వంటి జమీందారీ ప్రాంతాల్లో మాత్రం చాలా ఊళ్ల సర్వే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగింది. అంతకుముందు కాలానికి ఎస్టేటు దస్త్రాలే దిక్కు.

వీటికంటే వెనక్కి వెళ్లాలంటే కైఫియ్యతులు ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి మనుషులూ పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించి తెచ్చిన గ్రామ చరిత్రలు అవి. ఆ తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు తీయించాడు. గుడి ఎవరు కట్టారో చెప్పినంత సహజంగా చెరువు ఎవరు తవ్వించారో, తోట ఎవరు వేయించారో వాటిలో చెబుతారు. ఊరి కైఫియ్యతు దొరికిన పాఠకులు దాన్ని రాజుల పేర్ల కోసం మాత్రమే చదివి పక్కన పెట్టడం చూస్తే బాధగా ఉంటుంది. ఊరికి ఏ దిక్కున ఏ తోట, ఏ బావి అన్న వాక్యాలను వేరే కాగితం మీద ఎత్తి రాసుకుని, ఆ కాగితంతో పొలానికి వెళ్లండి.

పటాల మాటకు వస్తే, భారత సర్వేక్షణ సంస్థ మైలుకు అంగుళం కొలతతో వేసిన పాత పటాల్లో తోపులకూ బావులకూ గుర్తులు ఉంటాయి. అమెరికా 1960 నుంచి 1972 వరకు తీసిన కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలు 1995లో బయటపెట్టారు, వాటిని అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. వాటిలో మేలైన చిత్రాల్లో సుమారు ఆరు అడుగుల వస్తువు కూడా తెలుస్తుంది కనుక, ముప్పై అడుగుల కొమ్మల గొడుగు ఉన్న మామిడి చెట్టు స్పష్టమైన నల్లచుక్కగా పడుతుంది. ట్రాక్టర్లూ బోరుబావులూ మన పల్లెలను మార్చకముందు తీసినవి కావడం వాటి అసలు విలువ. బోర్లు వచ్చాక మోటబావులు మూలపడ్డాయి, బావి మూలపడ్డాక దాని కింద తోట ఎండింది. ఆ మార్పుకు ముందున్న పల్లెను పైనుంచి చూపించే చిత్రాలు అవి.

ప్రశ్న: మా తాతగారి తోటలో మిగిలిన మామిడి చెట్టుకు మూడు వందల ఏళ్లని ఇంట్లో అందరూ అంటారు. మొదలు కోసి వలయాలు లెక్కపెడితే తెలుస్తుందా? (ఒక పాఠకుడు, ఏలూరు జిల్లా)

సమాధానం: దయచేసి ఆ పని చేయకండి. టేకులో ఏటి వలయాలు స్పష్టంగా ఉంటాయి కనుక ద్వీపకల్ప భారతంలో చెట్ల వలయాలతో జరిగిన వాతావరణ పరిశోధన ఎక్కువగా దాని మీద జరిగింది. మామిడిలో వలయాలు అంత తేటగా ఉండవు, ఏడాదికి ఒకటే పడుతుందన్న నమ్మకమూ లేదు. ముసలి చెట్టు మొదలు లోపల డొల్ల అయితే మొదటి వందేళ్ల కలప ఎప్పుడో పోయి ఉంటుంది. తాటికీ కొబ్బరికీ అసలు వలయాలే ఉండవు. రేడియోకార్బన్ పరీక్ష కూడా సుమారు 1650 తర్వాతి కాలానికి పెద్దగా పనికిరాదు, ఒకే కొలత రెండు మూడు వేర్వేరు కాలాలకు సరిపోతుంది.

చెట్టు వయసు కంటే ఆ చెట్టు ఎలా పుట్టిందన్నది ఎక్కువ చెబుతుంది. మన ప్రాంతపు మామిడి రకాల గింజ నాటితే తల్లి పండు రాదు, ప్రతి గింజా కొత్త చెట్టే. కాబట్టి తోటలో మిగిలిన చెట్లు ఒకదానికొకటి రుచిలో, పీచులో, కాపు కాలంలో వేరుగా ఉంటే అది గింజలతో వేసిన పాత తోపు. అన్నీ ఒకే పండు కాస్తూ, మొదలు దగ్గర అతుకు ఉబ్బుగా కనిపిస్తే అంటు తోట. జమీందార్లూ నవాబులూ పోటీపడి అంటు రకాలు తెప్పించిన చోట్ల, బనగానపల్లె, నూజివీడు, విజయనగరం వంటి చోట్ల, రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉండేవి. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ ఊరి చివర తోపులో పచ్చడికి ఒకటి, రసానికి ఒకటి, ఎండు వరుగుకు ఒకటి అంటూ జనం విడివిడిగా పేర్లు పెట్టుకున్న గింజ చెట్లకు ఏ గుర్తింపూ లేదు. అవి పోతే మళ్లీ రావు.

ప్రశ్న: గుట్ట మీద పాడుబడిన కోట చుట్టూ సీతాఫలం చెట్లు గుబురుగా ఉన్నాయి. ఇవి రాజుల నాటి తోట అవశేషాలేనా? (ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా)

సమాధానం: కాకపోవచ్చు. సీతాఫలం మీ ప్రాంతపు గుట్టల మీద తనంతట తాను వ్యాపిస్తుంది, పిట్టలూ మనుషులూ గింజలు చల్లుతారు. కోట గోడల కింద ఉండే మట్టీ బూడిదా కలిసిన నేల దానికి బాగా నచ్చుతుంది. కాబట్టి అక్కడ మనుషులు నివసించారన్న మాటకు అది సాక్ష్యం అవుతుంది కానీ, వరసలూ నీటి వసతీ కనిపించనిదే తోట అనకూడదు. నేరేడుకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: ప్రపంచంలో ఎక్కడైనా తోటలను పురావస్తు తవ్వకాల్లో బయటికి తీశారా? మన దగ్గర అలాంటివి జరిగాయా? ఇంగ్లండులో మేముండే పల్లె చుట్టూ పచ్చిక బయళ్లలో పాత యాపిల్ తోటల జాడలు ఉన్నాయంటారు, వాటిని చూడడం ఎలాగో కూడా చెప్పగలరు. (ఒక పాఠకురాలు, హెరెఫర్డ్‌షైర్)

సమాధానం: తోటల తవ్వకానికి పాంపే నగరమే మొదటి పాఠశాల. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం చిమ్మిన తేలిక రాళ్లు తోటలను కప్పేశాయి. చెట్లు చచ్చి వేళ్లు కుళ్లిపోయాక ఆ వేళ్ల ఆకారంలో నేలలో ఖాళీలు మిగిలాయి, వాటిలోకి పై రాళ్లు జారాయి. విల్హెల్మినా జాషెమ్‌స్కీ అనే అమెరికన్ పండితురాలు 1960లలో మొదలుపెట్టి, ఆ ఖాళీలను జాగ్రత్తగా శుభ్రం చేయించి, సిమెంటు పోయించి, గట్టిపడ్డాక చుట్టూ మట్టి తీసి వేళ్ల అచ్చులను చదివింది. ఎక్కడ ద్రాక్ష, ఎక్కడ పండ్ల చెట్లు, వాటి మధ్య దూరం ఎంత అన్నది అలా తేలింది. అంతవరకు ఖాళీ స్థలమని వదిలేసిన చోట్లు తోటలని బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రం గోడల మధ్య ఉన్న ఖాళీని చూడడం నేర్చుకున్నది ఆమె వల్లేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

మన నేలలో అలాంటి బూడిద కవచం లేదు కనుక ఆధారాలు వేరు. కాలిన కలప బొగ్గును సూక్ష్మదర్శిని కింద పెడితే దాని కణాల అమరికను బట్టి ఏ చెట్టో గుర్తించవచ్చు. బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లు నవీన శిలాయుగపు గుట్టల మీద దొరికిన బొగ్గులో మామిడి, నిమ్మజాతి, చందనం కలప ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. అవి క్రీస్తుపూర్వం 1400-1300 ప్రాంతానికి చెందినవి. ఆ పొడి మెట్ట గుట్టల మీద మామిడీ నిమ్మా తమంతట తాము మొలిచేవి కావు. ఎవరో తెచ్చి, నీళ్లు పోసి పెంచి ఉండాలి. అశోకుడికి వెయ్యేళ్ల ముందే మన పరిసరాల్లో ఇంటి పక్కన పండ్ల చెట్టు పెంచుకున్నవారు ఉన్నారన్నమాట. పుప్పొడి సాయం మామిడికి అంతగా అందదు. దాని పుప్పొడిని ఈగలూ తేనెటీగలూ మోస్తాయి కానీ గాలి మోయదు కనుక, చెరువు అడుగు పూడికలో అది చాలా తక్కువగా చేరుతుంది. అరటికి మాత్రం ఆకు కణాల్లో పేరుకునే సిలికా రేణువులకు ప్రత్యేకమైన ఆకారం ఉంది, కాబట్టి అరటితోటను మట్టిలోనే పట్టుకోవచ్చు.

రాజుల తోటల విషయంలో గోల్కొండ నయాఖిలా చెప్పుకోదగినది. అక్కడి కుతుబ్‌షాహీ తోటలో పురావస్తు సర్వేక్షణ శాఖ జరిపిన తవ్వకాల్లో నీటి కాలువలు, తొట్లు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి. అదే ఆవరణలో ఆఫ్రికా నుంచి వచ్చిన జాతికి చెందిన పెద్ద బావోబాబ్ చెట్టు ఇంకా బతికే ఉంది. దాన్ని హతియాన్ కా ఝాడ్ అంటారు.

మీ ఇంగ్లండు పల్లె విషయం మన కంటే సులువు. అక్కడ ఆర్డ్‌నెన్స్ సర్వే వారు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వేసిన మైలుకు 25 అంగుళాల పటాల్లో పండ్లతోటలను వరస చెట్ల గుర్తులతో చూపించారు. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో వాటిని ఉచితంగా చూడవచ్చు. విమానం నుంచి లేజరు కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ పటాలను కూడా అక్కడి ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తోంది. మధ్యయుగంలో ఎడ్ల నాగలితో దున్నిన పొడవాటి మిట్టా పల్లాల చాళ్లు పచ్చిక కింద ఇప్పటికీ నిలిచి ఉంటాయి. ఆ మిట్టల మీద నీరు నిలవదు కనుక యాపిల్, పియర్ చెట్లను చాలా చోట్ల వాటి మీదే నాటారు. శీతకాలపు ఏటవాలు ఎండలో మైదానం మీద నడిస్తే చాళ్ల మీద సమాన దూరంలో చిన్న గుంటలో, ఉబ్బులో కనబడతాయి, అవి చెట్లు నిలిచిన చోట్లు. పటంలో చెట్టు గుర్తులు, నేల మీద గుంటలు కలిశాయంటే సందేహం లేదు. మన దగ్గర లైడార్ అందుబాటులో లేకపోయినా ఇదే క్రమంలో, ముందు పటం, తర్వాత నేల, పని చేయవచ్చు.

ప్రశ్న: మా బావి పక్కన సగం పూడిన రాయి మీద పాత తెలుగు అక్షరాలు, పైన సూర్యచంద్రులు ఉన్నాయి. 'తోంట' అన్న మాట మాత్రం చదవగలిగాం. ఆ భూమిని కొన్నవారు వచ్చే వేసవిలో జేసీబీతో చదును చేయిస్తారట. మేము ఏం చేయాలి? (ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా)

సమాధానం: మీది తోటదాన శాసనం కావడానికి చాలా అవకాశం ఉంది. సూర్యచంద్రులు ఉన్నంత కాలం దానం చెల్లాలన్నది ఆ బొమ్మల ఉద్దేశం. కొడుకు, చెరువు, నిధి, అగ్రహారం, గుడి, వనం, కావ్యం అనే ఏడింటినీ సప్తసంతానాలుగా లెక్కపెట్టిన సమాజం మనది. తోట వేయించడం ఆ కాలపు మనిషికి కొడుకును కన్నంత పుణ్యం. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్న అశోకుని రెండో శిలాశాసనం కూడా ఈ దృష్టితో చదవదగినదే. మనుషులకూ పశువులకూ పనికివచ్చే మూలికలు, వేళ్లు, పళ్లు లేని చోటికి వాటిని తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు వేయించానని అందులో ఉంది. బావీ చెట్టూ ఆ శాసనంలో కలిసే వస్తాయి, మీ రాయి బావి పక్కనే ఉండడం ఆ సంప్రదాయానికి అనుగుణంగానే ఉంది.

దానశాసనాల్లో భూమి కొలత మర్తురులలోనో, మరొక పాత మానంలోనో ఉంటుంది, తర్వాత తూర్పుకు ఏ పుట్ట, దక్షిణానికి ఏ చెరువు కట్ట అని హద్దులు చెబుతారు. చివర దానాన్ని చెరిచినవారికి తగిలే పాపం ఉంటుంది. మీకు కావలసింది ఆ హద్దుల భాగం. రాయి ఉన్న చోటనే ఉంటే హద్దులను ఈనాటి నేల మీద పోల్చుకోవచ్చు, రాయి కదిలితే ఆ పాఠానికి చోటు ఉండదు. అందుకని రాయిని గుడి అరుగు మీదికో పంచాయతీ ఆఫీసుకో తరలించే ఆలోచన ఎవరైనా చేస్తే ముందు ఆపండి. పసుపు, నూనె, రంగు పూయనీయకండి. అక్షరాలు తేలడానికి సుద్దముక్కతో దిద్దడం కూడా వద్దు, తప్పుగా దిద్దిన అక్షరం ఫొటోలో తప్పుగానే మిగిలిపోతుంది. ఉదయమో సాయంత్రమో ఏటవాలు వెలుగులో, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఫోనులో చూసి రాసుకోండి. వాటిని రాష్ట్ర పురావస్తు శాఖకూ, మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికీ రాతపూర్వకంగా పంపండి. నకలు తహసీల్దారుకు ఇవ్వండి. చదును చేసేటప్పుడు నాణేలో పాత్రలో బయటపడి, వాటి విలువ పది రూపాయలు దాటితే, 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

భూమి కొన్నవారితో మాట్లాడేటప్పుడు వారిని నేరస్థులుగా చూడకండి. వ్యవసాయం చేసుకునే హక్కు వారిది. అడగదగినవి రెండే: బావిని పూడ్చవద్దని, చదును మొదలయ్యే ముందు ఒక్క రోజు మీకు ఇవ్వమని. బావికి నేను ఇంత ప్రాముఖ్యం ఇవ్వడానికి కారణం ఉంది. చెట్ల గోతులు దున్నుడులో చెదిరినా గుర్తు మిగులుతుంది, కట్ట సగం పోయినా మిగతా సగం చెబుతుంది, కానీ బావి పూడితే తోట ఎవరి కోసం ఎలా బతికిందో చెప్పే కట్టడమంతా ఒక పూటలో మాయమవుతుంది. పైగా మన పల్లెల్లో యంత్రం ముందుగా పూడ్చేది దాన్నే. పూడ్చక తప్పని పరిస్థితి వస్తే, కనీసం దాని వ్యాసం, లోతు, మెట్ల సంఖ్య, రాతి వరసల ఎత్తు, కాలువ బయలుదేరే దిక్కు కొలిచి, చేతి పటం గీసుకోవాలి.

ఆ ఒక్క రోజులో చేయవలసిన ఇంకో పని ఉంది. భూమిలో ముసలి చెట్లు మిగిలి ఉంటే, ఒక్కొక్క దానికి నంబరు పెట్టి, మొదలు చుట్టుకొలతను నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపుతో కొలిచి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దూరం రాసుకోండి. చెట్లు కొట్టేయాలన్న నిర్ణయం ఉంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద ఏ అనుమతి కావాలో వారే ముందు కనుక్కోవాలి, ఆ మాట వారికి మర్యాదగా గుర్తు చేయండి. కర్ణాటకలో దేవనహళ్లి దగ్గరి నల్లూరు చింతతోపు, యాభై ఎకరాలకు పైబడినది, 2007లో దేశంలోనే మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించబడింది. పాత తోపును కాపాడడానికి చట్టంలో దారి ఉందని చెప్పడానికి అదొక్కటి చాలు. మీ ఊరి జీవవైవిధ్య కమిటీ పెట్టే రిజిస్టరులో ఈ చెట్లను రాయించడం అందుకు తొలి మెట్టు.

చెట్టు నిలవదని తేలిపోయినా రకం నిలుస్తుంది. మూడు నాలుగు నెలల వయసున్న ముదురు రెమ్మను ఎంచుకుని, కోయడానికి వారం పది రోజుల ముందు తొడిమలు మిగిల్చి ఆకులు తుంచేయండి. మొగ్గలు ఉబ్బాక రెమ్మను కోసి, తడి గుడ్డలో చుట్టి, నంబరు రాసిన కవరులో పెట్టి, అదే రోజు అంటుకట్టేవారికి చేర్చాలి. కడియం నర్సరీల వారూ, సంగారెడ్డి, అనంతరాజుపేట పండ్ల పరిశోధన స్థానాల వారూ ఈ పని ఎరిగినవారు. కవరు మీద చెట్టు నంబరుతో పాటు ఊరి పేరు, సర్వే నంబరు, పండును ఊళ్లో ఏమని పిలుస్తారో, ఎప్పుడు పక్వానికి వస్తుందో, పచ్చడికో రసానికో తప్పకుండా రాయండి. వేసవి అన్నారు కనుక, కాయ మీద ఉన్నప్పుడే వెళ్లి పండు ఫొటో కూడా తీసుకోండి.